మామూలు రోజు కోసం

లిఫ్టు తలుపుకి అడ్డంగా ఎర్ర రిబ్బను కట్టి ఉంది. దాని వెనక గోతిలో ఒక మనిషి నడుం దాకా దిగి ఉన్నాడు. చేతుల నిండా గ్రీజు, జుట్టు నిండా దుమ్ము, నోట్లో టార్చిలైటు.

"ఎంతసేపు పడుతుందండీ?" అని అడిగింది పిచ్చుక.

పిచ్చుక ఆమె అసలు పేరు కాదు. చిన్నప్పుడు ఒక్కచోట నిలిచేది కాదని ఇంట్లోవాళ్ళు పెట్టిన ముద్దుపేరు. ఈమధ్య ఆ పేరుతో పిలిచినప్పుడల్లా అక్క గొంతు కాస్త తడబడుతోంది గానీ, పిలుపు మాత్రం మారలేదు.

గోతిలోంచి "అఅంట" అని వినిపించింది.

"అరగంటా? గంటా?"

అతను నోట్లోంచి టార్చి తీశాడు. "గంటండీ. గంటన్నర అనుకోండి, నన్ను తిట్టుకోకుండా ఉంటారు."

బయట వాన దంచి కొడుతోంది. చేతిలో గొడుగు నుంచి నీళ్ళు కారుతున్నాయి. వెనక్కి వెళ్ళే దారి లేదు, పైకి వెళ్ళే దారీ లేదు. పిచ్చుక మొదటి మెట్టు మీద చతికిలబడింది.

"ఏ ఫ్లోరండీ?"

"నాలుగు."

"నాలుగేనా!" అతను నవ్వాడు. "ఏడో ఫ్లోర్ తాతగారు ఇందాకే కర్ర టకటకలాడించుకుంటూ ఎక్కేశారు. ఈ వయసులో మీరు మెట్లు చూసి కూలబడితే ఎలాగండీ? అంటే, మా ఉద్యోగాలకి ఢోకా లేదనుకోండి..."

అతను సరదాకే అన్నాడు. కానీ ఆ సరదా మాట పిచ్చుక చాలామంది నోట వినేసింది. బస్సులో సీటు అడిగినప్పుడు విన్నది. చుట్టాలింట్లో పక్క మీద వాలినప్పుడు విన్నది. 'చూడ్డానికి బాగానే ఉన్నావుగా' అనే ఆ మాట ఏ వేషం వేసుకొచ్చినా గుర్తుపట్టగలదు.

లేచింది. గొడుగు చంకలో పెట్టుకుంది. వెనక్కి తిరిగి చూడకుండా మెట్లెక్కింది.

కోపానికి బలం ఉంటుందంటారు. ఉంటుంది కూడా, రెండో అంతస్తు దాకా.

మూడో అంతస్తు మలుపు దగ్గర కాళ్ళు ఎవరివో అయిపోయాయి. చెవుల్లో ఏదో హోరు. గోడమీది ట్యూబ్‌లైటు కళ్ళలో గుచ్చుకుంటోంది. పిచ్చుక మెట్టు మీద కూర్చుని, గోడకి తలానించి కళ్ళు మూసుకుంది. తాళంచెవి తీసి తలుపు తెరవడం కూడా ఇప్పుడు కొండ తవ్వడంతో సమానం.

కాసేపటికి కింద నుంచి బూట్ల చప్పుడు. పైన మెషిన్ రూములో ఏదో చూడ్డానికి పనిముట్ల సంచీతో ఎక్కుతున్న మెకానిక్ ఆమెని చూసి కొయ్యబారిపోయాడు.

"అయ్యో, ఏమైందండీ? నీళ్ళు తేనా? డాక్టర్ని పిలవనా? మీవాళ్ళ నంబర్..."

పిచ్చుక చూపుడువేలు ఎత్తింది. "మాట్లాడించకండి. మాటలక్కూడా ఓపిక కావాలి."

అతను రెండు మెట్ల కింద కూర్చున్నాడు. మాటకారి మనిషని చూస్తేనే తెలుస్తోంది. నోరు తెరుస్తాడు, మూస్తాడు, మళ్ళీ తెరుస్తాడు. ఓరకంట చూస్తున్న పిచ్చుకకి, ఓపికుంటే నవ్వొచ్చేదే.

"నేను వెళితే లిఫ్టు తొందరగా వస్తుంది," అన్నాడు చివరికి, గుసగుసగా. "ఉంటే మీకు తోడుగా ఉంటుంది. ఏది కావాలి?"

జబ్బు పడ్డాక ఆమెకి ఏం కావాలో అందరూ వాళ్ళే చెబుతున్నారు. ఏది కావాలని అడిగినవాళ్ళు లేరు.

"లిఫ్టు," అంది.

అతను మెట్లు రెండేసి చొప్పున ఎక్కుతూ పరిగెత్తాడు.

* * *

కిందటేడు వచ్చింది జ్వరమే. అందరికీ వచ్చే జ్వరంలాగే వచ్చి, ముదిరి, పిచ్చుకని ఆసుపత్రిలో పడుకోబెట్టి, చివరికి పోయింది. పోతూ పోతూ ఒంట్లో ఓపికని వెంటబెట్టుకుని పోయింది. పరీక్షలన్నీ బాగానే ఉన్నాయి. మనిషే బాగాలేదు.

అక్క చూపించని డాక్టరు లేడు. ఒకరు విటమిన్ల మాత్రలిచ్చారు. ఒకరు పెళ్ళి చేస్తే సర్దుకుంటుందన్నారు. చివరికి ఒక డాక్టరమ్మ మాత్రం పిచ్చుక చెప్పిందంతా మధ్యలో అడ్డుపడకుండా విన్నది.

"కొంతమందికి జబ్బు తగ్గాక ఇలా అవుతుందమ్మా. నీ బద్ధకం కాదు, నీ భ్రమా కాదు. ఎప్పటికి తగ్గుతుందో నేను చెప్పలేను. బలవంతంగా ఒంటిని తోస్తే మాత్రం ఇంకా కిందికి పోతావు. అలిసిపోయాక ఆగడం అందరికీ వచ్చు. నువ్వు అలిసిపోకముందే ఆగడం నేర్చుకోవాలి."

నేర్చుకుంది. స్నానం ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చునే. నడుం దాకా ఉన్న జుట్టు భుజాల దాకా కత్తిరించేసింది, తలంటుకున్నాక ఆరబెట్టుకునే ఓపిక లేక. కూరగాయలు కూర్చునే తరుగుతుంది. ఒక పని అయ్యాక, అలసట లేకపోయినా సరే, కళ్ళు మూసుకుని కాసేపు వాలుతుంది. తలంటుకున్న రోజు బయటికి వెళ్ళదు, బయటికి వెళ్ళే రోజు తలంటుకోదు.

బేకరీలో ఆమె పని కేకుల మీద పువ్వులు వేయడం, పేర్లు రాయడం. ఇదివరకు తెల్లారకముందే వెళ్ళి పొద్దుగూకేదాకా నిలబడేది. ఇప్పుడు మధ్యాహ్నం కాసేపు. ఓనరమ్మ కసురుకునే మనిషే గానీ, ఒక ఎత్తు స్టూలు కొని బల్ల దగ్గర వేయించి, "దీనిమీద ఇంకెవరైనా కూర్చున్నారో, వీపు విమానం మోతే!" అని అందరికీ వార్నింగ్ ఇచ్చేసింది.

మూడో అంతస్తు దాకా ఎక్కిన పౌరుషానికి పిచ్చుక చాలారోజులు మంచం మీద మూల్యం చెల్లించుకుంది. మళ్ళీ పనికి వెళ్ళిన రోజున, క్రీము గొట్టం పట్టుకుని గులాబీ రెక్క తిప్పుతుంటే, ఎదురుగా ఎవరో వచ్చి నిలబడ్డారు.

"ఒక చిన్న కేకు కావాలండీ. దానిమీద 'క్షమించండి' అని రాయాలి."

పిచ్చుక తలెత్తకుండానే అడిగింది. "పేరు?"

"పేరు తెలీదండీ."

"పేరు తెలియని మనిషికి క్షమాపణేంటండీ?"

"నాలుగో అంతస్తు అని రాయండి. సరిపోతుంది."

ఆమె తలెత్తింది. గ్రీజు లేదు, దుమ్ము లేదు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, తడిపి దువ్వుకున్న జుట్టుతో మెకానిక్ నిలబడి ఉన్నాడు. చెవుల దాకా ఎర్రబడ్డాడు.

"మీరిక్కడ పనిచేస్తారని నాకు తెలీదండీ, ఒట్టు! మీ బిల్డింగుకి దగ్గర బేకరీ కదా అని..."

"అంటే నా కేకు మీద నాకు నేనే క్షమించండి అని రాసుకోవాలా?"

"అలా అంటే... అవునండీ, దరిద్రంగానే ఉంది." అతను తల గోక్కున్నాడు. "పోనీ, గొట్టం ఇలా ఇవ్వండి, నేనే రాస్తా."

రాశాడు. 'క్ష' కేకు మీద సగం చోటు తినేసింది. 'మించండి' పక్కకి జారి అట్టపెట్టె మీదకి పోయింది. పిచ్చుక నవ్వింది. నవ్వీ నవ్వీ బల్ల పట్టుకోవాల్సి వచ్చింది. లోపల్నుంచి ఓనరమ్మ తల బయటపెట్టి, ఇది ఎవరి గొంతా అన్నట్టు చూసింది.

"ఆరోజు ఏమైందండీ మీకు?" అని అడిగాడు అతను, నవ్వు సద్దుమణిగాక.

ఇక్కడే పిచ్చుక పొరపాటు చేసింది. నిజం నోటి చివరిదాకా వచ్చింది. ఎదురుగా ఇస్త్రీ చొక్కా, ఆ ఎర్రటి చెవులు. నిజం వెనక్కి పోయింది.

"జ్వరం వచ్చి తగ్గింది. నీరసం. తగ్గిపోతుందిలెండి," అంది.

* * *

లిఫ్టు మెకానిక్‌కి ఆ బిల్డింగులో పని ఎంత ఉంటుంది? మహా అయితే నెలకోసారి. ఆ నెల మాత్రం వారానికోసారి ఏదో ఒక బోల్టు బిగించడానికి వచ్చాడు.

"మన లిఫ్టుకి ఇంత మంచి రోజులు ఎప్పుడూ లేవు," అన్నాడు బావ, సాక్సు విప్పుకుంటూ. "బిడ్డని చూసుకున్నట్టు చూసుకుంటున్నాడయ్యా లిఫ్టు బాబు. మరదలా, ఎందుకంటావ్?"

"నన్నడుగుతావేం బావా? లిఫ్టునడుగు."

"అడిగా. నాలుగో అంతస్తులో ఆగినప్పుడల్లా గుండె దడదడలాడుతోందంటోంది."

"ఊరుకోండి మీరు," అని అక్క కసిరింది. ఆ కసురులో నవ్వు లేదు. చెల్లెల్ని ఆసుపత్రి నుంచి తన ఇంటికి తెచ్చుకున్న నాటి నుంచీ, అక్కకి గడప దాటి వచ్చే ప్రతిదీ జబ్బులాగే కనిపిస్తోంది.

బోల్టుల వంక అయిపోయాక ఫోను వచ్చింది. ఫోను తర్వాత పార్కులో బెంచీ వచ్చింది. 'మీరు' ఎప్పుడు 'నువ్వు' అయిందో ఇద్దరికీ గుర్తులేదు. అతను లిఫ్టుల్లో ఇరుక్కున్నవాళ్ళ కథలు చెప్పేవాడు. విడాకుల కోసం వెళుతూ లిఫ్టులో ఇరుక్కుని, బయటపడేసరికి రాజీ పడిపోయిన మొగుడూ పెళ్ళాల కథ చెప్పినప్పుడు పిచ్చుక నమ్మలేదు.

"నిజమే! నేనే తలుపు తీశా. 'ఇంకాసేపాగి తియ్యొచ్చుగా' అని ఆయన నన్ను తిట్టాడు."

అంతా బాగానే ఉంది, ఒక్కటి తప్ప. కలిసినప్పుడల్లా అతని మొదటి మాట, "ఇవాళ కొంచెం నయమా?"

ప్రేమగానే అడిగేవాడు. కానీ అది పరీక్షలో ప్రశ్నలా ఉండేది. నయం కాదంటే అతని మొహం వాడిపోయేది. మర్నాడు ఏదో ఒకటి మోసుకొచ్చేవాడు. ఒకరోజు ఆకుపచ్చ జ్యూసు, ఇంకోరోజు ఎవరో బాడీబిల్డర్ చెప్పిన పొడి. మరోరోజు ఫోనులో ఒక వీడియో పెట్టి, "రోజూ కొంచెం కొంచెం దూరం పెంచుకుంటూ నడిస్తే నెలలో పరిగెడతారట" అన్నాడు.

"నేను లిఫ్టుని కాను," అంది పిచ్చుక.

"అదేంటి, నేనేమన్నా..."

"ఏ బోల్టు వదులైందో వెతకడం మానెయ్యి."

అతను చిన్నబుచ్చుకున్నాడు. ఆమె అంతకంటే చిన్నబుచ్చుకుంది. అప్పట్నుంచి 'నయమా' అంటే 'నయమే' అనడం మొదలుపెట్టింది. ఒంట్లో బాగోని రోజున 'చుట్టాలొచ్చారు' అని మెసేజ్ పెట్టి, ఫోను బోర్లించి, కర్టెన్లు వేసుకుని పడుకునేది.

ఒకరోజు అతను లిఫ్టులో బావకి ఎదురుపడ్డాడు.

"ఇంటినిండా చుట్టాలటగా సార్, తీరిక లేకుండా ఉందటగా?"

"మా ఇంటికా? చుట్టాలా?" బావ తెల్లబోయాడు. "మా ఇంటికొచ్చే చుట్టం కరెంటు బిల్లొక్కటేనయ్యా."

ఆ సాయంత్రం అతను ఫోను చేశాడు. గొంతులో ఎప్పటి చలాకీ లేదు. "నేనంటే విసుగొచ్చిందా? సూటిగా చెప్పెయ్. అబద్ధాలెందుకు?"

"విసుగు కాదు."

"మరేంటి?"

మళ్ళీ నోటిదాకా వచ్చిన నిజం. మళ్ళీ వెనక్కి. ఆ ఖాళీలో ఏదో ఒకటి అనాలి కాబట్టి పిచ్చుక అంది, "వచ్చే ఆదివారం మీ అమ్మగారి పుట్టినరోజన్నావుగా. నేనొస్తా. కేకు నేనే చేస్తా."

* * *

మెకానిక్ వాళ్ళమ్మ డ్రైవింగ్ స్కూలు నడుపుతుంది. ఎంతోమందికి స్టీరింగ్ పట్టడం నేర్పిన మనిషి. పక్క సీట్లో కూర్చుని అరిచి అరిచి గొంతు పెద్దదైందని, ఇంట్లో గుసగుసలాడినా వీధి చివరికి వినిపిస్తుందని కొడుకు ముందే చెప్పాడు.

పిచ్చుక మూడంతస్తుల కేకు చేసింది. స్టూలు పక్కకి నెట్టేసి నిలబడే చేసింది. ఆ పొద్దున్నే తలంటుకుంది. జుట్టు ఆరబెట్టుకుంది. అక్క అడ్డం నిలబడింది.

"ఒసేయ్, నీకు మతిపోయిందా? తలంటూ, కేకూ, ఊరి చివర పార్టీ, అన్నీ ఒక్కరోజేనా?"

"ఒక్కరోజే కదక్కా. ఒక్కరోజన్నా నన్ను నాలాగా ఉండనీ."

అక్క పక్కకి తప్పుకుంది. ఆ మాటకి అడ్డం నిలబడే అక్క ఎక్కడుంటుంది?

ఆ సాయంత్రం పిచ్చుక నిజంగానే పిచ్చుకలా ఉంది. కేకు కోసింది, పళ్ళాలు అందించింది, పిల్లలతో కుర్చీలాట ఆడింది. ఆమె నవ్వినప్పుడల్లా మెకానిక్ తన మాట మధ్యలో ఆపేసి అటు చూసేవాడు. వాళ్ళమ్మ ఆమె భుజం మీద చెయ్యి వేసి, వీధంతా వినేలా గుసగుసగా అంది, "ఎంత చురుకైన పిల్లరా! ఎక్కడ దొరికిందిరా నీకు?"

ఇంటికి వచ్చేటప్పుడు ట్యాక్సీలో కళ్ళు మూసుకుంది. గుమ్మం దాకా వచ్చింది. చెప్పులు విడవడం గుర్తుంది.

మర్నాడు లేవలేదు. ఆ మర్నాడూ లేవలేదు. తల దిండు మీద నుంచి ఎత్తితే గది గిరగిరా తిరిగింది. అక్క చెంచాతో సూపు పట్టింది. బావ జోకులు మానేసి మునివేళ్ళ మీద నడిచాడు. కర్టెన్ల సందులోంచి వచ్చే వెలుతురు కూడా మోయలేనంత బరువుగా ఉంది.

ఒక్క మెసేజ్ టైపు చేయగలిగింది. 'ఇక కలవొద్దు.'

* * *

అతను వచ్చాడు. తలుపు సగమే తీసి అక్క అడ్డం నిలబడింది.

"వెళ్ళిపో బాబూ. నీ పుణ్యమా అని అది మళ్ళీ మొదటికొచ్చింది."

"నా పుణ్యమా? నేనేం చేశానక్కా?"

"ఏం చెయ్యలేదు. రోజూ నయమా నయమా అని అడిగావు. నీకు నయంగా కనబడాలని అది ప్రాణం మీదకి తెచ్చుకుంది. రేపు నువ్వు విసిగిపోయి వెళ్ళిపోతావు. అప్పుడు దాన్ని మళ్ళీ లేపి కూర్చోబెట్టాల్సింది నేను!" అక్క కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "ఒకసారి లేపాను. నాకు మాత్రం ఎంత ఓపికుంటుంది చెప్పు?"

వెనక నుంచి బావ వచ్చి, అక్క చెయ్యి పట్టుకుని మెల్లగా పక్కకి తీసుకెళ్ళాడు. "తిట్టేశావుగా. ఇక లోపలికి రానీ. మాట్లాడుకోనీ."

గది చీకటిగా ఉంది. మెకానిక్ గోడ పక్కన నేల మీద కూర్చున్నాడు.

"మీ అమ్మ చూసింది నన్ను కాదు," అంది పిచ్చుక, కళ్ళు తెరవకుండానే. ఒక్కో మాటకీ మధ్య ఊపిరి తీసుకుంటోంది. "అది పాత పిచ్చుక. ఇప్పుడు లేదు. తగ్గిపోతుందని నీతో అన్నా కదా. అది నాకు తెలీదు. డాక్టరమ్మకీ తెలీదు. ఇంతే ఉండొచ్చు."

అతని గొంతులో జాలి లేదు, కోపం ఉంది.

"నీకు జబ్బని నాకు కోపం లేదు. నాకు అబద్ధం చెప్పావని ఉంది. చుట్టాలొచ్చారన్నావు! నేను అద్దం ముందు నిలబడి నాలో ఏం లోపముందా అని వెతుక్కున్నా, తెలుసా? ముక్కు పెద్దదేమో అనుకున్నా."

చీకట్లో పిచ్చుక పెదవి వణికింది. నవ్వో ఏడుపో ఆమెకే తెలియలేదు. "ముక్కు బాగానే ఉంది."

"థాంక్స్." అతను మోకాళ్ళ మీద గడ్డం ఆనించుకున్నాడు. "నాదీ తప్పుంది. పాడైంది కనిపిస్తే చాలు, బాగుచేసేదాకా నాకు నిద్రపట్టదు. నీకు నయమా అని కాదు నేనడిగింది. నా పని అయిపోయిందా అని అడిగా. ఇక అడగను."

"మరేం అడుగుతావు?"

"తెలీదు. ఆలోచించుకుని వస్తా. ఇప్పుడు వెళ్ళాలా, ఉండాలా? ఏది కావాలి?"

"ఉండు," అంది పిచ్చుక. "మాట్లాడకు."

ఉన్నాడు. మాట్లాడలేదు. అది అతనికి ఎంత కష్టమో ఆ గదిలో ఇద్దరికీ తెలుసు.

* * *

తర్వాతి వారం మెకానిక్ వాళ్ళమ్మ వచ్చింది. చెప్పాపెట్టకుండా, కారు తనే నడుపుకుంటూ వచ్చింది. అక్క కంగారుగా సోఫా మీది బట్టలన్నీ ఒక్క కౌగిట్లో ఎత్తుకుని వంటింట్లోకి పరిగెత్తింది.

ఆవిడ నేరుగా పిచ్చుక గదిలోకి వచ్చి మంచం పక్క కుర్చీలో కూర్చుంది. ఒళ్ళో చేతిసంచీ పెట్టుకుంది. నిజంగా గుసగుసలాడాలని ప్రయత్నించింది, పాపం.

"మా వాడు అంతా చెప్పాడు. మంచి రోజున ఎలా ఉంటావో చూశా కదా. చెడ్డ రోజున ఎలా ఉంటావో చూద్దామని వచ్చా."

పిచ్చుక లేవబోయింది.

"పడుకో. లేస్తే నేనొచ్చిన పని పాడవుతుంది."

పిచ్చుక పడుకుంది. కళ్ళు మూసుకుంది. కాసేపటికి ఒక వింత చప్పుడు మొదలైంది. కళ్ళు తెరిచి చూస్తే, ఆవిడ కుర్చీలోనే తల వాల్చేసి గుర్రు పెడుతోంది. బండి గేరు మారుతున్నట్టు ఉంది ఆ గుర్రు. పిచ్చుక దుప్పటి నోట్లో కుక్కుకుని నవ్వాపుకుంది.

ఆవిడ ఉలిక్కిపడి లేచి, ఏమీ జరగనట్టు సంచీ సర్దుకుంది. "ఆ. ఎక్కడున్నాం? సూటిగా చెప్పు. ఏం చెయ్యగలవు, ఏం చెయ్యలేవు?"

"చాలామందికి వండిపెట్టలేనండీ. ఎక్కువసేపు నిలబడలేను. ఎవరైనా ఇంటికొస్తే మధ్యలో లేచి వెళ్ళి పడుకుంటాను. ఒక్కోసారి ఫోను కూడా ఎత్తలేను. మొన్నటిలా మళ్ళీ ఎప్పుడూ..." దుప్పటి అంచు సరిచేసుకుంది. "కేకు మీద పేరు రాయగలను. కూర్చుని."

"మొన్న బ్రేకు వేయాల్సిన చోట యాక్సిలరేటర్ తొక్కావన్నమాట. నా దగ్గర నేర్చుకునేవాళ్ళలో సగంమంది అంతే." ఆవిడ కిటికీ వైపు చూసింది. "నాకు భయంగానే ఉందమ్మా. అబద్ధమెందుకు? నా కొడుకు కష్టపడతాడేమోనని రాత్రి నిద్రపట్టలేదు, అందుకే ఇక్కడ పట్టింది. కానీ భయం నాది. అది తెచ్చి మీ నెత్తిన పెట్టను. వాడికి వంటొచ్చు. బాగా రాదు, వచ్చు. ఇక మీరిద్దరూ తేల్చుకోండి."

గుమ్మం దగ్గర ఆగి వెనక్కి తిరిగింది. "ఇంకోటి. మా ఇంటికొస్తే మధ్యలో లేచి వెళ్ళి పడుకోవడానికి ఒక గది చూపిస్తా. అందులో కర్టెన్లు మందంగా ఉంటాయి. నేను మధ్యాహ్నం అక్కడే పడుకుంటా."

వంటింట్లో, బట్టల మూట కౌగిలించుకుని నిలబడ్డ అక్క ముక్కు చీదిన చప్పుడు వినిపించింది.

* * *

మెల్లగా, నత్త నడకన, పిచ్చుక మళ్ళీ లేచి కూర్చుంది. తర్వాత కిటికీ దాకా, ఆపైన బేకరీ దాకా వెళ్ళగలిగింది. ఓనరమ్మ స్టూలుకి కొత్తగా మెత్తటి దిండు కుట్టించి ఉంచింది, ఏమీ అనకుండా.

మెకానిక్ రోజూ వచ్చేవాడు. కొన్నిరోజులు గుమ్మం దగ్గరే చూసి వెళ్ళిపోయేవాడు, కొన్నిరోజులు కూర్చునేవాడు. వచ్చినప్పుడల్లా అడిగేవాడు, "ఇవాళ ఎలా ఉంది?"

ఆ ప్రశ్నకి తప్పు జవాబు లేదు. "దరిద్రంగా ఉంది" అంటే "సరే" అని పక్కన కూర్చుని తన ఫోను చూసుకునేవాడు. "బాగుంది" అంటే "సరే" అని బావతో చదరంగం వేసేవాడు. జ్యూసులు లేవు, వీడియోలు లేవు. ఒకరోజు పిచ్చుక తనే ఉడుక్కుంది.

"బాగుందన్నా కదా! ఎక్కడికైనా తీసుకెళ్ళొచ్చుగా?"

"తీసుకెళతా. ఎంతసేపో నువ్వు చెప్పు. ఆగుదామంటే ఆగుదాం. నేను మాత్రం ఇంకాస్త అనను."

అతను ఏదో చెప్పాలనుకుని మింగేస్తున్నాడని పిచ్చుక కనిపెట్టింది. 'ఎలా ఉంది' అని అడిగి, ఆమె జవాబు విని, ఏదో లెక్కేసుకున్నట్టు తలూపి ఊరుకుంటాడు. బావకి మాత్రం ఏదో తెలిసినట్టుంది. చదరంగం బల్ల మీద నుంచి ఇద్దర్నీ మార్చి మార్చి చూసి మీసంలో నవ్వుకుంటాడు.

ఒక మధ్యాహ్నం. ఎండ లేదు, చల్లదనమూ లేదు. పిచ్చుక సోఫాలో కాళ్ళు ముడుచుకుని కూర్చుని ఉంది. అతను వచ్చాడు, చెప్పులు విడిచాడు, ఎప్పటిలాగే అడిగాడు.

"ఇవాళ ఎలా ఉంది?"

"మామూలుగా ఉంది."

"అంటే?"

"అంటే మామూలుగా. బాగా లేదు, బాగోకుండానూ లేదు. పొద్దున స్నానం చేశా, బట్టలు మడతపెట్టా, సగంలో ఆపేశా. ఎందుకూ?"

అతని మొహం వెలిగిపోయింది. ఎదురుగా వచ్చి, బల్ల మీద కూర్చోబోయి, కుర్చీ లాక్కోబోయి, చివరికి నేల మీదే కూర్చున్నాడు.

"ఇన్నిరోజుల్నుంచీ మామూలు రోజు కోసమే చూస్తున్నా. మంచి రోజున అడిగితే, సంతోషంలో ఒప్పేసుకుంటావు. తర్వాత భయపడతావు. చెడ్డ రోజున అడిగితే, నా మంచికోసమని వద్దంటావు. నాకు మామూలు రోజు జవాబు కావాలి." గుక్క తిప్పుకున్నాడు. "నన్ను పెళ్ళి చేసుకుంటావా?"

వంటింట్లో గిన్నె ఒకటి కిందపడి దొర్లింది. దాన్ని ఎవరూ ఎత్తలేదు.

పిచ్చుక అతని వంక చూసింది. "నేను తగ్గకపోతే?"

"తగ్గకపోతే ఇలాంటి రోజులుంటాయి. ఇంతకంటే దరిద్రమైనవీ ఉంటాయి. చూశాగా. నాకూ విసుగొస్తుంది, రాదని చెప్పను. వచ్చినప్పుడు చెబుతా. నువ్వూ చెప్పాలి. చుట్టాలొచ్చారు అనకూడదు."

"నేను పెళ్ళిలో ఎక్కువసేపు కూర్చోలేను."

"తొందరగా అయిపోయే పెళ్ళి చేసుకుందాం. భోజనాలు మీ బావ చూసుకుంటాడు."

"నేనా?" అని వంటింట్లోంచి బావ గొంతు. వెంటనే "ష్ష్" అని అక్క గొంతు.

పిచ్చుకకి నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది. రెండూ ఒకేసారి వచ్చేసరికి ఊపిరి చాల్లేదు. కళ్ళు తుడుచుకుని, తలూపింది. "చేసుకుంటా. మామూలు రోజునే చెబుతున్నా. గుర్తుపెట్టుకో."

అతను ఏదో అనబోయాడు. బహుశా చాలానే అనబోయాడు. పిచ్చుక చెయ్యి అడ్డం పెట్టింది.

"ఇప్పుడు నాకు చాలా సంతోషంగా ఉంది. సంతోషానికీ అలసటొస్తుంది నాకు. కాసేపు వాలతా."

"వాలు."

అతను లేచి సోఫాలో పక్కన కూర్చున్నాడు. ఆమె అతని భుజం మీద తల పెట్టింది. రెండు నిమిషాల్లో ఊపిరి బరువెక్కింది, వేళ్ళు అతని మణికట్టు మీద వదులయ్యాయి. నిద్రపోయింది.

చాలాసేపటికి వంటింటి తలుపు కిర్రుమంది. అక్క వచ్చింది. మామూలుగా అయితే చెల్లెల్ని లేపి, గదిలోకి నడిపించి, దుప్పటి కప్పి, తలుపు వేసేది. నిలబడి ఇద్దర్నీ చూసింది. అతని భుజం ఈపాటికి మొద్దుబారిపోయి ఉంటుంది, కాలు తిమ్మిరెక్కి ఉంటుంది. కదలకుండా, బొమ్మలా, కళ్ళతోనే 'లేపొద్దు' అన్నాడు.

అక్క దిండు ఒకటి తెచ్చింది. చెల్లెలికి కాదు. మెల్లగా వంగి, అతని నడుం వెనక సర్దింది.

"ఇంకో గంట లేవదు," అంది గుసగుసగా. "ఆకలేస్తే చెప్పు, నాయనా."